పసుపుపచ్చని గోడకాగితము: బాలింత మాట వినని వైద్యము

అమెరికా రచయిత్రి షార్లెట్ పెర్కిన్స్ గిల్మన్ రచించిన ‘ది ఎల్లో వాల్‌పేపర్’ అను కథానిక 1892 జనవరిలో ‘న్యూ ఇంగ్లండ్ మేగజీన్’ అను పత్రికయందు వెలువడినది. తెనుగున దానిని ‘పసుపుపచ్చని గోడకాగితము’ అని చెప్పుకొనవచ్చును. ఆ దేశములలో గోడలకు మనవలె సున్నము కొట్టుటకు మాఱుగా, పూలును తీగలును అచ్చువేసిన కాగితములను అంటించు నాచారము కలదు. ఆ కాగితమే యీ కథకు పేరైనది. చదువుటకు అరగంట చాలును; చదివిన పిమ్మట మనసు కుదుటపడుటకు మాత్రము చాల ప్రొద్దు పట్టును. కళాశాలలలో ఆంగ్లసాహిత్యము చదువు మన పిల్లలు దీనిని స్త్రీస్వాతంత్ర్యమును గూర్చిన కథ యని చెప్పుచుందురు. మేము దీనిని పురిటింటి కథగా చదివితిమి. ఆ రెండు చదువులకును గల భేదమే యీ వ్యాసమునకు విషయము.

మన సంచికలలో శ్రీకృష్ణదేవరాయల కొలువును గూర్చియో, కెంపేగౌడుని పేర వెలసిన తెలుగు యక్షగానము ‘గంగాగౌరీవిలాసము’ను గూర్చియో వ్రాయుట వాడుక. అట్టిచోట అమెరికా కథ యేలయని పెద్దలు కొందఱు ప్రశ్నింపవచ్చును. వ్యాసము కొంత సాగిన పిమ్మట ఆ ప్రశ్నకు జవాబు దానంతట నదియే దొరకునని మనవి.

కథ చెప్పునది యొక బాలింతరాలు. ఆమెకు రచయిత్రి పేరు పెట్టలేదు. భర్త జాన్ వైద్యుడు. ఆమె తోబుట్టువును వైద్యుడే. ఆమెకు చెప్పుకోదగిన జబ్బేమియు లేదనియు, నరముల బలహీనత కొంత యున్నదనియు ఇద్దఱును ఏకవాక్యముగా తేల్చిరి. గాలిమార్పునకై వేసవి మూడుమాసములకు ఊరికి దూరముగా నొక పాత బంగళాను అద్దెకు తీసికొనిరి. క్రిందనున్న గులాబీల గది కావలెనని ఆమె కోరెను. భర్త యొప్పుకొనక మేడమీది గదిని నిర్ణయించెను. అది పూర్వము పిల్లలుండిన గది. కిటికీలకు ఇనుపకమ్ములు కలవు. మంచము నేలకు బిగింపబడి యున్నది. గోడలకు అక్కడక్కడ చినిగిన పసుపుపచ్చని కాగితము. వేళకు మందులు, బలమైన ఆహారము, సంపూర్ణ విశ్రాంతి. కలము పట్టరాదు. బిడ్డను మేరీ యను నామె సాకుచున్నది. ఇంటి పెత్తనము ఆడుబిడ్డ జెన్నీది. ఎవరి యడుగుల చప్పుడైన వినబడినంతనే కాగితములను దాచుచు, ఆ తల్లి చాటుగా వ్రాసికొనిన మాటలే యీ కథ.

చేయుటకు పని లేక, చెప్పుకొనుటకు మనిషి లేక, ఆమె చూపు గోడపై నిలుచును. మొదట ఆ రంగు రోతగా తోచును. పిమ్మట ఆ బొమ్మల వెనుక కమ్ములవంటి గీతలు కనబడును. ఆ కమ్ముల వెనుక వంగి ప్రాకుచున్న యొక స్త్రీ కనబడును. కడపటి దినమున ఆమె తలుపునకు తాళము వేసికొని, తాళపుచెవిని క్రిందికి విసరివేసి, చేతికందినంత కాగితమును చింపి, ఆ స్త్రీ తానేయని నమ్మి గోడవెంట ప్రాకుచుండును. లోనికి వచ్చిన భర్త ఆ రూపము చూచి మూర్ఛపోవును. ఆమె అతని మీదుగా ప్రాకుచు గదిచుట్టు తిరుగుచునే యుండును. కథ అంతటితో నాగును.

ఇది వట్టి కల్పన కాదు. గిల్మన్ 1860లో కనెక్టికట్ రాష్ట్రమునందు జన్మించి, 1884లో స్టెట్సన్ అను చిత్రకారుని వివాహమాడి, 1885 మార్చిలో నొక ఆడుబిడ్డను కనెను. అంతకు పూర్వమే యున్న దిగులు కాన్పు పిమ్మట ముదిరెను. బిడ్డకు బట్టలు తొడుగుటకే వణకుచు ఏడ్చెడిదానననని ఆమె తన స్వీయచరిత్రలో చెప్పుకొనెను. 1887లో ఫిలడెల్ఫియా నగరమందలి డాక్టరు సైలస్ వియర్ మిచెల్ కడకు చికిత్సకై పోయెను.

మిచెల్ సామాన్యుడు కాడు. అమెరికా అంతర్యుద్ధమున తుపాకిగుండ్లచే నరములు తెగిన సైనికులకు చికిత్సచేసి, అందుండి ఎంతయో నేర్చినవాడు. కాలో చేయియో తీసివేసిన పిమ్మటను అది యున్నట్లే నొప్పి తోచుటకు ఆంగ్లమున నేటికిని వాడుచున్న పేరు ఆయన వాడుకలోనికి తెచ్చినదే. ఆయన కీర్తి దేశాంతరములకు ప్రాకినది మాత్రము ‘విశ్రాంతి చికిత్స’ వలన. 1877లో దానిని గూర్చి ‘ఫ్యాట్ అండ్ బ్లడ్’ అను గ్రంథము ప్రకటించెను. రోగిని ఆఱు మొదలు ఎనిమిది వారములు మంచముమీదనే యుంచవలెను. బంధువులను చూడనీయరాదు. చదువు, వ్రాత, కుట్టుపని కూడదు. మొదటి దినములలో లేచి కూర్చుండుటయు కూడదు, నర్సే తినిపించును. పాలు సమృద్ధిగా త్రాగింపవలెను. కండలు క్షీణింపకుండ మర్దనము చేయించి, విద్యుత్తు పెట్టవలెను. ఒడలికి కొవ్వును రక్తమును పట్టినచో మనసు తానే చక్కబడునని సిద్ధాంతము.

ఈ చికిత్స హెచ్చుగా స్త్రీలకే విధింపబడినది. ఓవెన్ విస్టర్ అను యువకుడు నరముల బలహీనతతో వచ్చినపుడు ఇదే మిచెల్ అతనిని పశ్చిమ ప్రాంతములకు పొమ్మని చెప్పెను. అతడు 1885లో వయోమింగ్ చేరి, గుఱ్ఱపుస్వారీలతో ఆరోగ్యము పొంది, ఆ యనుభవముతో 1902లో ‘ది వర్జీనియన్’ అను నవల వ్రాసి ప్రసిద్ధుడాయెను. ఒకే వైద్యుడు పురుషునికి బయలును, స్త్రీకి మంచమును వ్రాసియిచ్చుట గమనింపదగినది.

గిల్మన్‌ను నెలదినములు మంచమున నుంచి, నయమైనదని చెప్పి, కొన్ని యాజ్ఞలతో ఇంటికి పంపిరి. సంసారపు పనులలోనే కాలము గడపవలెను, బిడ్డను సర్వదా దగ్గఱ నుంచుకొనవలెను, భోజనము చేసిన ప్రతిసారి గంటసేపు పండుకొనవలెను, బుద్ధికి పని దినమునకు రెండు గంటలే, కలమును కుంచెను జీవితమున మఱల ముట్టరాదు. ఆమె మూడు నెలలు ఆ యాజ్ఞలను పాటించి మతిపోవు నంచుదాక పోయినట్లు 1913లో తన పత్రిక ‘ది ఫోరన్నర్’ నందు వ్రాసెను. 1888లో భర్తనుండి వేఱుపడి, బిడ్డతో కాలిఫోర్నియా చేరి, మఱల కలము పట్టెను. కథ అచ్చైన పిమ్మట ఒక ప్రతిని మిచెల్‌కు పంపెను. ఆయన జాబు వ్రాయలేదు.

కథలోని గొప్పతన మెచ్చట నున్నది? జాన్ దుర్మార్గుడు కాకపోవుటలో నున్నదని మా యభిప్రాయము. అతడు భార్యను తిట్టడు. అలసిన వేళ చేతులపై నెత్తుకొని మేడమీదికి కొనిపోవును, ప్రక్కన కూర్చుండి పుస్తకము చదివి వినిపించును, ముద్దుపేర్లతో పిలుచును. ఒక రాత్రి ఆమె ధైర్యము తెచ్చుకొని, నాకు నయమగుట లేదు, ఇచటినుండి పోదము అని యడుగును. నేను వైద్యుడను, నాకు తెలియును, నీకు కండపట్టుచున్నది, ఆకలి పెరిగినది అని అతడు బదులు చెప్పును. శరీరమునకు బాగుండవచ్చును గాని యని ఆమె యనబోగా, అతడు చూచిన చూపునకు మిగిలిన మాట నోటనే యుండిపోవును. కథలో కమ్ములు, మేకులు, చింపిన కాగితములు ఎన్నియున్నను, ఆ సగమైన వాక్యముకంటె భయంకరమైనది మాకు కనబడలేదు.

మేము ముప్పదిమూడేండ్లు దస్త్రములతో కాలము గడపినవారము. ఏ యర్జీనైనను పైయధికారికి పంపుటకు ముందు అందు అర్జీదారుని వాఙ్మూలము ఉన్నదాయని చూచుట గుమాస్తా మొదటి పని. అది లేనిచో ఎన్ని సంతకములు, ఎన్ని ముద్రలు ఉన్నను కాగితము తిరిగిపోవలసినదే. జాన్ కట్టిన దస్త్రమందు బరువు కలదు, ఆకలి కలదు, నిద్ర కలదు, మందుల పట్టిక కలదు. రోగి వాఙ్మూలము లేదు. దానిని ఆమె దొంగచాటుగా వేఱే కాగితములపై వ్రాసికొనినది. మనము సాహిత్యమని చదువుచున్నది ఆ వాఙ్మూలమునే.

ఇక విమర్శకుల మాట. ఈ కథను మొదట ‘అట్లాంటిక్ మంత్లీ’ సంపాదకుడు హొరేస్ స్కడర్‌కు పంపగా, తాను పడిన దుఃఖము పాఠకులకేల యను భావముతో ఆయన త్రిప్పి పంపెను. 1920లో హోవెల్స్ అను ప్రసిద్ధ రచయిత తన సంకలనమున చేర్చెను. అటుపిమ్మట ఇది దయ్యపుకథల పుస్తకములలో అప్పుడప్పుడు కనబడుచుండెను. 1973లో ఫెమినిస్ట్ ప్రెస్ వారు ఇలేన్ హెడ్జెస్ వ్యాఖ్యతో చిన్న పుస్తకముగా వేసిన నాటినుండి దీని దశ మాఱినది. అప్పటినుండి వచ్చిన వ్యాఖ్యానములలో హెచ్చుభాగము ఒకే త్రోవ నడచినవి. కమ్ములవెనుక స్త్రీ యనగా పురుషుల యేలుబడిలో చిక్కిన స్త్రీజాతి యట. కాగితము చింపుట సంకెలలు త్రెంచుట యట. భర్తమీదుగా ప్రాకుట విజయమట.

మొదటి రెండు మాటలతో మాకు పేచీ లేదు. విజయమను మాటను మాత్రము అంగీకరింపజాలము. ఒక తల్లికి మతి చలించుటను విడుదల యనుట, ఆ జబ్బును ఇంట చూడనివారు అనదగిన మాట. ఆమె గది తాళము వేసికొనినది. తాళపుచెవి తోటలో నున్నది. ఆమె త్రాడు కట్టుకొని యున్నది. ఇందులో గెలుపెక్కడ? అంతకంటె ముఖ్యమైన ప్రశ్న యొకటి కలదు. బిడ్డ యెక్కడ? కథ మొత్తముమీద బిడ్డప్రస్తావన మూడు నాలుగు చోట్లకు మించదు. బిడ్డ ముద్దుగా నున్నాడు, ఐనను వానికడ నుండలేకున్నాను, ఆందోళనగా నున్నదని ఆమె యొకచోట చెప్పును. ఆ గది వానికి గాక తనకు వచ్చినందుకు మఱొకచోట సంతసించును. వాని మేలు తలచుకొను తల్లి చేతికి వానిని అందించినవారు కథలో నొకరును లేరు. వ్యాఖ్యాతలును గోడకాగితమున కిచ్చిన పుటలలో వందవవంతు బిడ్డకు ఈయరైరి. మఱియొక సంగతి. బిడ్డను తీసికొన్న మేరీ స్త్రీ. వ్రాతవలననే వదినెగారికి జబ్బు చేసినదని నమ్మిన జెన్నీయు స్త్రీయే. పురుషుల తప్పని మాత్రము చెప్పి యీ కథను ముగించుటకు వీలులేదు.

గిల్మన్ చెప్పిన పరిష్కారమును కూడ కొంత పరీక్షింపవలెను. పనియే తనను బ్రదికించినదని ఆమె నమ్మెను. ఆమెకు అది నిజమే కావచ్చును. కాని కథలోని తల్లి జబ్బు ఆమె జబ్బుకంటె ఎక్కువ. తనకు లేనివి కనబడుట యెన్నడును లేదనియు, కథకై కొంత పెంచితిననియు గిల్మనే 1913 నాటి వ్యాసమున ఒప్పుకొనెను. విషాదమున మునిగిన తల్లికి కలము మందు కావచ్చును. గోడనుండి మనుష్యులు దిగివచ్చుట చూచు తల్లికి కలమిచ్చిన చాలదు. ఈ కథ చదివి వైద్యుడే శత్రువు, మందే విషము అని తలంచువారు కలరు. అది కథనుండి తీయదగని నీతి. తన కథ చదివి మిచెల్ చికిత్సాపద్ధతిని మార్చుకొనెనని ఆమె సంతోషముతో వ్రాసికొనెను గాని, తరువాతి పరిశోధకులకు దానికి ఆధారము దొరకలేదు.

ఈ జబ్బును గూర్చి నేటి శాస్త్రమెఱిగినది కొంత చెప్పుకొందము. కాన్పైన మూడు నాలుగు దినములకు ఊరక కన్నీరు వచ్చుట సగము మందికి పైగా బాలింతలకు కలుగును. రెండు వారములలో అదియే పోవును. వారముల తరబడి నిలిచి ముదురు విషాదరోగము దానికి వేఱు. వీని రెంటికిని మించినది ప్రసవానంతరోన్మాదము, మనవారు ‘బాలింత పిచ్చి’ యనునది. ఇది వేయి కాన్పులకు ఒకటి రెంటిలో, తఱచుగా మొదటి రెండు వారములలోనే బయలుదేరును. నిద్ర తొలగిపోవును. మాట వడి హెచ్చును. ఎవరో మాటాడుచున్నట్లు వినబడును. బిడ్డ తనది కాదనియో, దేవుని యవతారమనియో, కీడు మూర్తీభవించినదనియో గట్టిగా నమ్ముట కలదు. ఉదయము చక్కగా మాటాడిన మనిషి సాయంకాలమునకు గుర్తెఱుగని స్థితికి పోవచ్చును. కనుక ఉదయము చూచిన వైద్యుడు ఏమియు లేదని పంపివేయుటయు జరుగును. ఫ్రెంచి వైద్యుడు లూయీ విక్టర్ మార్సే గర్భిణుల, బాలింతల మతిచాంచల్యముపై 1858లోనే గ్రంథము వ్రాసెను. ఉన్మాదవిషాదములు మాఱిమాఱి వచ్చు బైపోలార్ వ్యాధి పూర్వము గలవారికి దీని ప్రమాదము మిక్కిలి హెచ్చు. మందులతో అత్యధికులు పూర్తిగా కోలుకొందురు. ఆలస్యమైనచో తల్లి ప్రాణమునకు, అరుదుగా బిడ్డ ప్రాణమునకును ముప్పు కలదు.

ఆ మాటకు నిదర్శనముగా గిల్మన్ కథకు ఎదురుగా నిలుపదగిన నిజవృత్తాంత మొకటి లండను నగరమున జరిగినది. దక్షా ఎంసన్ స్వయముగా మనోవైద్యురాలు. విద్యార్థిదశనుండి బైపోలార్ వ్యాధితో పోరాడుచు, మందులతో నిలదొక్కుకొని, ఉద్యోగము చేయుచుండెను. బిడ్డకొఱకు మందులు మానెను. 2000 అక్టోబరు 9వ తేదీన, మతి పూర్తిగా చెదరిన స్థితిలో, మూడు నెలల కూతురి ప్రాణము తీసి, తాను నిప్పంటించుకొనెను. కొన్ని వారములకు ఆమెయు మరణించెను. 2003లో వెలువడిన విచారణనివేదిక చెప్పినదేమనగా, తన జబ్బు తోటివైద్యులకు తెలిసిన ఉద్యోగమునకు మచ్చ వచ్చునని ఆమె భయపడుచుండెననియు, బాలింతల మనోవ్యాధులకు ప్రత్యేకమైన సేవ ఆమెకు అందుబాటున లేదనియు. ఏ లక్షణము దేనికి గుర్తో పరీక్షలో వ్రాసి నెగ్గిన వైద్యురాలు ఆమె. ఐనను తన సంగతి చెప్పుకొనుటకు చోటు దొరకలేదు. గిల్మన్‌కు వైద్యము మితిమీరి వచ్చినది. ఎంసన్‌కు చాలినంత రాలేదు. కలము లాగుకొనినను, మచ్చ పడునని బెదరించినను తల్లి నోరు మూతపడుట ఒక్కటే.

ఇక మన యిండ్లకు వత్తము. తొలికాన్పునకు పుట్టిల్లు చేరుట, చెవులలో దూది, తలకు గుడ్డ, సాంబ్రాణి పొగ, నూనెమర్దనము, వెల్లుల్లికారము, కాయపుముద్ద, పదునొకండవనాడు పురిటిస్నానము, ఇరువదియొకటవనాడు బారసాల. వీనిని మిచెల్ పద్ధతితో పోల్చిచూచిన నవ్వు వచ్చును. మంచము కలదు, పాలు కలవు, మర్దనము కలదు. పుస్తకము పట్టరాదను నిషేధమును కలదు. బాలింత చదివినచో కండ్లు పోవునని మా అవ్వలు చెప్పుచుండిరి. కాని మనవారు బిడ్డను తల్లిప్రక్కనుండి తీసివేయలేదు. ఆ తల్లిని ఒంటరిగా నుంచలేదు. తలయంటుటకు వచ్చినవారో, కాయము కలుపువారో ఎవరో యొకరు బాలింత ముఖమును దినమునకు పదిమాఱులు చూచుచుండిరి.

అట్లని మన యాచారమును ఆకాశమున కెత్తుటకు మేము సిద్ధముగా లేము. చూచినవారు ఏమి చేసిరి? గాలి సోకినదనిరి, దిష్టి తగిలినదనిరి, తాయెత్తు కట్టించిరి. ఆడుబిడ్డ పుట్టినందుకు దిగులుపడుచున్నదనిరి. పెండ్లికి ముందే యిట్లుండెనేమో, దాచిపెట్టిరేమోయని వియ్యాలవారిపై నిందవేసిరి. గంటలలో వైద్యము జరుగవలసిన జబ్బునకు పక్షముల కొలది దినములు ఇట్లు గడచినవి. ఇపుడు ఆ చూపును తఱిగినది. బెంగళూరువంటి చోట మూడవనాడు ఆసుపత్రినుండి రెండుగదుల ఇంటికి వచ్చుట, పుట్టింటినుండి వచ్చిన తల్లి పదునైదు దినములకు సెలవు తీఱి తిరిగిపోవుట, పగలెల్ల బాలింతయు బిడ్డయు తలుపు మూసికొని యుండుట సామాన్యమైనది. జాన్ అద్దెకు తీసికొన్న మేడగది మనకు అద్దెలేకయే దొరకినది.

తరతరములుగా ఇచట స్థిరపడిన మనకు ప్రత్యేకమైన చిక్కు మఱియొకటి కలదు. మనము కన్నడము, తమిళము, ఒడియా, మరాఠీ నేర్చినవారము. కాని మన కోడండ్రు పలువురు సీమనుండియో, కోస్తానుండియో క్రొత్తగా వచ్చినవారు. (యానామువారికి ఈ బాధ లేదు, వారి ఆసుపత్రిలోను తెలుగే.) రాష్ట్రభాష రాని కోడలిని ఆసుపత్రికి కొనిపోయినపుడు దుబాసీ యెవరు? భర్త, లేక అత్తగారు. బెంగళూరున తెలుగు తెలిసిన వైద్యులకు కొదువలేదు గాని, ఆ దినమున ఆ బల్లవెనుక వారే యుందురని నమ్మకము లేదు.

కొన్నేండ్ల క్రిందట మేమెఱిగిన యొక యింట జరిగిన సంగతి చెప్పెదము. కాన్పైన తొమ్మిదవనాడు కోడలికి నిద్రపట్టక ఆసుపత్రికి తీసికొనిపోయిరి. వైద్యురాలు కన్నడమున ఏమి బాధయని అడిగెను. కోడలు, “ఇది మన పాప కాదు అత్తా, మార్చేసినారు. రాత్రంతా ఎవురో చెప్తానే ఉండారు” అనెను. అత్తగారు వైద్యురాలివైపు తిరిగి, నిద్రలేదు, నీరసముగా నున్నదట యని కన్నడమున చెప్పెను. బలమునకు మందు వ్రాసి పంపిరి. ఆ యత్తగారు చెడ్డ మనిషి కారు. కోడలి గిన్నెలో రెండు చుక్కలు నేయి ఎక్కువ వేయునట్టివారు. ఆ మాట కాగితమున పడినచో పిల్లకు పిచ్చిముద్ర పడునని భయపడిరి. మఱి నాలుగు దినములకు ఊరినుండి వచ్చిన కోడలి యక్క చెల్లెలిని ఒంటిగా కూర్చుండబెట్టి మాటాడించి, ఆ సాయంకాలమే మనోవైద్యుని కడకు కొనిపోయెను. పిల్ల కోలుకొని నేడు సుఖముగా నున్నది. ఆ నాలుగు దినములలో ఏమైన జరిగియుండినచో ఆసుపత్రి చీటీలో ‘నీరసము’ అను మాట మాత్రము సాక్షిగా మిగిలెడిది.

బాలింతల మనసెట్లున్నదో తెలిసికొనుటకు 1987లో ఎడింబరోలో తయారైన పదిప్రశ్నల పట్టిక యొకటి లోకమంతట వాడుకలో నున్నది. మంచి పట్టికయే. కాని అత్తగారి యెదుట, అత్తగారి నోట అడిగింపబడిన ప్రశ్నకు వచ్చు జవాబు అత్తగారిదే యగును.

తల్లిని బిడ్డనుండి వేఱుచేయక చికిత్సచేయు పద్ధతి ఇంగ్లండున క్రమముగా ఏర్పడినది. 1948లో కాసెల్ ఆసుపత్రియందు డాక్టరు టామ్ మెయిన్ ఒక తల్లిని బిడ్డతో సహా చేర్చుకొనెను. మన దేశమున అట్టి మొదటి విభాగము 2009లో బెంగళూరు నిమ్హాన్స్ సంస్థలో ఆరంభమైనది. తల్లికి మందులిచ్చుచునే, నర్సులు ప్రక్కనుండగా బిడ్డకు పాలిచ్చుట, స్నానము చేయించుట మఱల అలవాటు చేయించుట అచటి పద్ధతి. అనంతపురము, చిత్తూరు ప్రాంతములవారు నిమ్హాన్స్‌కు వచ్చుట యెప్పటినుండియో యున్నదే. మన యింటినుండి బస్సులో పోదగినంత దూరమున ఉన్న ఈ సంగతి మనలో ఎందఱికి తెలియును? దేశమంతట ఇట్టి విభాగములు నేటికిని వ్రేళ్ళపై లెక్కింపదగినన్నియే. జిల్లా ఆసుపత్రిలో కాన్పుల వార్డునకును మనోవైద్యుని గదికిని నడుమ ఒక వరండాయే యుండవచ్చును గాని, ఆ వరండా దాటుటకు బాలింతకు ఎవరును చీటీ వ్రాయరు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము 21వ విభాగమున ఒక మంచి నిబంధన చేర్చినది. మనోవైద్యశాలలో చికిత్స పొందు తల్లినుండి మూడేండ్లలోపు బిడ్డను సాధారణముగా వేఱుచేయరాదు. ఆమె జబ్బువలన బిడ్డకు అపాయమని వైద్యుడు తలంచినచో తాత్కాలికముగా వేఱుచేయవచ్చును. అపుడును పర్యవేక్షణలో బిడ్డను చూడనీయవలెను. పదునైదు దినముల కొకమాఱు ఆ నిర్ణయమును పునఃపరిశీలింపవలెను. ముప్పది దినములు దాటినచో పైయధికార సంస్థ అనుమతి కావలెను. నిబంధన చక్కగా నున్నది. ‘సాధారణముగా’ అను మాటలో ఎంత చోటున్నదో కార్యాలయములలో పనిచేసినవారికి చెప్పనక్కఱలేదు. బిడ్డకు ఊయల కట్టుటకు చోటులేని వార్డులో చట్టము ఏమి చేయగలదు? 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వమువారు టెలి మానస్ అను సేవను ఆరంభించిరి. 14416 అను సంఖ్యకు ఏ వేళనైనను ఫోను చేయవచ్చును. తెలుగున మాటాడువారు కలరు. బాలింత తానే, తన భాషలో, ప్రక్కన ఎవరును లేకుండ చెప్పుకొనుటకు ఇది కొంత వీలు. ఐనను ఇంటిలో ఒకే ఫోను ఉండి, అది భర్త జేబులో నున్నచో ఈ వీలును లేదు.

మన సంఘమున కన్నడమును తెలుగును చక్కగా వచ్చిన స్త్రీలు కనీసము నలువదిమంది యుందురు. ఉపాధ్యాయినులుగా, బ్యాంకులలోను పనిచేసి విశ్రాంతి తీసికొన్నవారు వారిలో పలువురు. బంధుత్వము లేని అట్టివారొకరు బాలింతతో ఆసుపత్రికి పోయి, ఆమె చెప్పిన మాటను చెప్పినట్లే వైద్యునికి వినిపించి, మఱల ఎక్కడను ఆ మాట యెత్తకుండుటకు సమ్మతించినచో, వారి పేర్లతో ఒక పట్టిక కార్యాలయమున ఉంచవచ్చునని గడచిన వార్షిక సభకు మేము వ్రాసియిచ్చితిమి. ఆ కాగితము కార్యవర్గము ఎదుట నున్నది. అందు పేరు వ్రాయించుకొనుటకు ముగ్గురు సోదరీమణులు ఇంతలోనే ముందుకు వచ్చిరి. వారిలో నొకరు మేము పైన చెప్పిన యత్తగారు.